వందో వంతు

"నిలబడి అన్నాను. కూచుని అన్న మాటైతే ఎలాగో సర్దుకునేవాణ్ణి. టీ గిన్నె చేత్తో పట్టుకుని, లేచి నిలబడి, వియ్యంకుడి మొహం చూసి అన్నాను. ఇప్పుడేం చెయ్యమంటారు?"

జుమాబెక్ తోలు టోపీ తీసి మోకాలికి తగిలించుకున్నాడు. ఇంట్లోకి వచ్చిన దగ్గర్నుంచి అదే మాట తిప్పి తిప్పి చెబుతున్నాడు.

ఎదురుగా తమ్ముడు కుబాత్ రొట్టె తుంచి, తినకుండా, ముక్కల్ని నేల మీద పరిచిన దస్తర్‌ఖాన్ గుడ్డ మీద వరసగా పేరుస్తున్నాడు. తల్లి బురుల్ పెద్దలు కూచునే పైచోటులో పరుపుల దొంతరకి వీపు ఆనించి కూచుంది. కుబాత్ భార్య సాల్కిన్ గుమ్మం పక్కన, సమోవార్ దగ్గర. టీ పోసే కోడలి చోటు అదే.

"రొట్టెతో ఆటలేంట్రా," అంది బురుల్.

కుబాత్ ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు.

"ఏమన్నావో ఇంకోసారి చెప్పన్నా."

"మా తమ్ముడు మిమ్మల్ని గుర్రం ఎక్కిస్తాడు, మంచి గుర్రం కానుకిస్తాడు అన్నాను."

"నన్నడిగావా?"

"అడిగితే వద్దంటావని అడగలేదు."

జుమాబెక్‌లో ఆ గుణం ఉంది. చేసింది దాచడు. దాచకపోతే తప్పు సగమైనా తీరిపోయినట్టే అనుకుంటాడు. పోయిన వారం కొడుకు పెళ్లి ఖాయం చేసుకోవడానికి అత్‌బాషీ వెళ్లాడు. పిల్ల తండ్రి ఇమానాలి గుర్రాలవాడు. అతని ఇంట్లో గోడలకి ఫొటోలుండవు, కళ్లేలుంటాయి. అక్కడ కూచుని, మంచి మాంసం తిని, అంతమంది తనని చూస్తుంటే జుమాబెక్ ఆగలేకపోయాడు.

"నీ దగ్గర డబ్బు లేదా?" అంది బురుల్ పెద్దకొడుకుని.

"నా దగ్గరుంటే వీడి పేరెందుకు చెబుతానమ్మా? ఆవుల్ని అమ్మేశాను. ఆ డబ్బంతా పెళ్లికే పోయింది. వీడికైతే ఉంది. నా కళ్లతో చూశాను. మొన్న ఛార్జర్ కోసం వచ్చినప్పుడు కంప్యూటర్ తెరిచే ఉంది. మూడు వేల డాలర్లు. ఆకుపచ్చ అంకెలు."

"అది డబ్బు కాదన్నా," అన్నాడు కుబాత్.

"డాలర్లు డబ్బు కాదా? మరేంటి, ఎండు ఖుబానీలా?"

"అది మంద."

జుమాబెక్ తల్లి వైపు తిరిగి చేతులు చాపాడు. చూశావా వీడి వరస, అన్నట్టు.

ఆ మాట ఆ ఇంట్లో ఇద్దరికే తెలుసు. పెట్టింది సాల్కిన్. ఆమె తండ్రి కోచ్‌కోర్ పై కొండల్లో గొర్రెలు కాస్తాడు. ఉన్ని అమ్ముతాడు, పోతు పిల్లల్ని అమ్ముతాడు, ఈనే గొర్రె జోలికి మాత్రం పోడు. చలికాలం ఎంత కష్టంగా గడిచినా పోడు. కుబాత్ ఆన్‌లైన్‌లో పోకర్ టోర్నీలు ఆడి, ఇంటి పైకప్పు రేకుల కోసం దాచిన డబ్బుతో సహా అంతా ఊడ్చేసిన ఏడు, సాల్కిన్ పుట్టింటికి పోతానని మూట కట్టింది. పోలేదు. మూట విప్పి నియమం పెట్టింది.

ఆటకి పెట్టిన డబ్బు మంద. ఒక టోర్నీ ప్రవేశానికి మందలో వందో వంతు దాటి పెట్టకూడదు. ఎంత బాగా ఆడేవాడికైనా పేకముక్కలు ఎదురుతిరిగితే వరసగా నలభై టోర్నీలు పోతాయి. వందో వంతు చొప్పున పోతే మంద నిలుస్తుంది. పెరిగితే పెద్ద ఆటలకి ఎక్కాలి, తగ్గితే చిన్న ఆటలకి దిగాలి. నెలాఖరుకి పెరిగిన దాంట్లో మూడో వంతు ఇంటికి రావాలి. బొగ్గు, పిండి, అత్తగారి మందులు అందులోంచే. లోపలికి వెళ్లిన ప్రతి డాలరుకీ, బయటికి వచ్చిన ప్రతి డాలరుకీ సాల్కిన్ ఫోన్‌కి సమాచారం వస్తుంది.

"మందే అనుకో," అన్నాడు జుమాబెక్. "వంద గొర్రెలున్నవాడు ఒకటి కోస్తే మంద పోతుందా?"

"గుర్రం ఎంత?"

"లక్షా అరవై వేల సోమ్‌లు. సంతలో నేనే చూశాను. బంగారు రంగు, నల్ల తోక. నడుస్తుంటే వీపు మీద టీ గిన్నె పెట్టినా తొణకదు. బయానా కూడా ఇచ్చేశాను."

"పద్దెనిమిది వందల డాలర్లు. నువ్వు ఒకటి కోయమనడం లేదన్నా. వందలో అరవై కోయమంటున్నావు."

జుమాబెక్ నోరు తెరిచి మూశాడు. లెక్క అర్థమైంది. కాని లెక్క అర్థమైనంత మాత్రాన నిలబడి అన్న మాట కూచోదు.

"ఆదివారం సాయంత్రం ఇమానాలి ఇక్కడికే వస్తున్నాడు. అమ్మని చూడ్డానికి. అప్పటికి గుర్రం మన గేటు దగ్గర కట్టేసి ఉండాలి," అన్నాడు. గొంతు తగ్గించి సాల్కిన్ వైపు తిరిగాడు. "అమ్మాయ్, నువ్వైనా చెప్పు వాడికి."

సాల్కిన్ టీ పోస్తోంది. పాలు, కాస్త చిక్కటి డికాషన్, వేణ్ణీళ్లు. గిన్నెలో సగానికి తక్కువ. ఆ ఊళ్లో గౌరవంగా పోయడమంటే అది. కొంచెం పోసి, తాగగానే మళ్లీ పోసి, మనిషిని కూచోబెట్టుకోవడం. ఆమె గిన్నె అందించింది. బావగారికి జవాబు మాత్రం చెప్పలేదు. మందకి కాపరి తనేనని తెలిస్తే పోరు తన వైపు తిరుగుతుంది.

అప్పుడు బురుల్ ముందుకి జరిగి టీ కూజా అందుకుంది. పెద్దకొడుకు గిన్నె తీసుకుని అంచు దాకా నింపింది. నింపి అతని ముందు పెట్టింది.

జుమాబెక్ నిండు గిన్నె వంక చూశాడు.

"అమ్మా. నన్ను పొమ్మంటున్నావా?"

"తాగి వెళ్లు. వాళ్లు మాట్లాడుకోవాలి."

"కన్నకొడుక్కి నిండా పోశావు. సరే." లేచి నిలబడే తాగాడు. నాలుక కాలింది. టోపీ పెట్టుకుని గుమ్మంలో ఆగాడు. "ఒరేయ్, నిన్ను తక్కువ చెయ్యాలని అనలేదురా. గొప్పగా చెప్పుకోవాలనే అన్నాను. మా కుబాత్ ఇంట్లో కూచునే సంపాదిస్తాడని అక్కడ అందరికీ చెప్పాను."

ఆ మాటకి కుబాత్ తలెత్తలేదు. కాని చెవులు ఎర్రబడ్డాయి. సాల్కిన్ చూసింది.

*

వంటగదిలో ఆమె పిండి కలుపుతోంది. అతను బొగ్గు బకెట్ తెచ్చి పొయ్యి దగ్గర దించాడు. దించి అక్కడే నిలబడ్డాడు.

"తీసేద్దాం," అంది సాల్కిన్.

"ఏంటి?"

"పద్దెనిమిది వందలు. గుర్రం కొనేద్దాం."

అతను నమ్మలేదు. "నువ్వేనా అంటోంది?"

"అత్తయ్య మొహం చూశావా? ఇన్నేళ్లలో పెద్దకొడుక్కి నిండా పోయడం నేను చూడలేదు. నీకోసం పోసింది. గుర్రం లేకపోతే ఆదివారం ఆవిడే తలొంచుకుని కూచోవాలి."

"మిగిలేది పన్నెండు వందలు."

"అవును. పన్నెండు డాలర్ల ఆటలకి దిగాలి."

"అవి పిల్లకాయల ఆటలు సాల్కిన్. ముప్పైకి రావడానికి రెండేళ్లు పట్టింది నాకు."

"తెలుసు. ఆ రెండేళ్లూ పగిలిన బూట్లు వేసుకు తిరిగింది నేనే."

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. పిండిని తిరగేసి గట్టిగా గుద్దింది.

"దిగడం సిగ్గు కాదన్నావు," అంది. "ఈ చేతుల మీద ప్రమాణం చేశావు."

"సిగ్గని కాదు. ఆదివారం పెద్ద టోర్నీ ఉంది. రెండు వందలు ప్రవేశం. ఒక్కటి. ఒక్కసారి. బాగా పడితే పది గుర్రాలొస్తాయి, మంద మందలాగే ఉంటుంది."

"మూడు వేలలో వందో వంతెంత?"

"నువ్వు మళ్లీ మొదలెట్టకు."

"ఎంత?"

"ముప్పై."

"రెండు వందలు ఎన్నో వంతు?"

కుబాత్ పొయ్యి తలుపు తెరిచి బొగ్గు వేశాడు. అవసరానికి మించి వేశాడు.

"పదిహేనో వంతు," అంది ఆమె. "బాగా పడకపోతే?"

"నేను చెడ్డగా ఆడతానా?"

"నువ్వు చెడ్డగా ఆడతావని ఎప్పుడన్నా అన్నానా? మా నాన్నకి తోడేలంటే భయమేమీ లేదు. అయినా మందని రాత్రిపూట బయట వదలడు. నువ్వు ఆడతానంటోంది మంద కోసం కాదు. మీ అన్నకి చూపించడం కోసం."

"వాడు అందరి ముందూ నా గురించి చెప్పాడు. మొదటిసారి. ఇన్నాళ్లూ పేకాటవాడనే కదా అన్నాడు."

ఆమె చేతులు తుడుచుకుని వెళ్లి కంప్యూటర్ ముందు కూచుంది. అతను వెనకాల నిలబడ్డాడు. పద్దెనిమిది వందలు బయటికి తీసే కోరిక పంపింది. పరిశీలనలో ఉందని తెర మీద వచ్చింది. ఆదివారానికల్లా బ్యాంకు కార్డులో పడుతుంది. దాని పక్కనే ఇంకో బొత్తాం వెలుగుతోంది. రద్దు.

"అది ఎందుకు పెట్టారో తెలుసా?" అంది.

"పొరపాటున నొక్కినవాళ్ల కోసం."

"కాదు. నీలాంటివాళ్ల కోసం. డబ్బు గడప దాటేదాకా వెనక్కి పిలుస్తూనే ఉంటుంది. నువ్వు దాన్ని ముట్టుకోకు."

"ముట్టుకోను."

"నా మొహం చూసి చెప్పు."

"ముట్టుకోనన్నాను కదా," అన్నాడు. కిటికీ చూసి అన్నాడు.

*

ఆదివారం ఇల్లు పొద్దున్నుంచే మనుషులతో నిండింది. గొర్రెని కోశారు. సాల్కిన్ నూనె బాండలి ముందు నిలబడి పిండి ముక్కల్ని బోర్సోకులుగా వేయించి గుట్టగా పోసింది. ఫోన్ కోటు జేబులో ఉంది, కోటు వరండాలో మేకుకి ఉంది. నూనె చేతులతో దాన్ని ముట్టుకునే తీరిక దొరకలేదు.

కుబాత్ ఇస్త్రీ చొక్కా వేసుకుని మధ్యాహ్నం నుంచి కంప్యూటర్ ఉన్న చిన్నగదిలోకి వెళ్తున్నాడు, వస్తున్నాడు. ఆ తర్వాత వెళ్లడమే, రావడం లేదు.

"కార్డు వాళ్లతో మాట్లాడుతున్నాను," అన్నాడు ఒకసారి తలుపు సందులోంచి. "డబ్బు ఆలస్యం అవుతోందట."

పొద్దు వాలుతుండగా ఇమానాలి వచ్చాడు. పొడుగాటి మనిషి, వంకర కాళ్లు. జీవితంలో సగం జీను మీద గడిపినవాడి నడక. భార్యని, ఇద్దరు తమ్ముళ్లని తెచ్చాడు. బురుల్ చేతిని రెండు చేతుల్లోకి తీసుకుని పలకరించాడు. పైచోటులో కూచోబెట్టారు. ఖుబానీ జామ్, వెన్న, తేనె, బోర్సోకులు. సాల్కిన్ సమోవార్ దగ్గర తన చోటులో కూచుని పోయడం మొదలుపెట్టింది. కొంచెం కొంచెంగా, గిన్నె అడుగున.

"ఈ అమ్మాయి టీ పోసే తీరు చూస్తే మమ్మల్ని తెల్లారేదాకా కదలనిచ్చేలా లేదు," అన్నాడు ఇమానాలి. అందరూ నవ్వారు.

"మా చిన్నకోడలు," అంది బురుల్. అంతే అంది. కాని గొంతులో గర్వం ఉంది.

జుమాబెక్ టీ అందుకునే నెపంతో సాల్కిన్ దగ్గరికి వంగాడు. "గుర్రం వాడు బయల్దేరాడట. డబ్బు పడిందేమో చూడమ్మా. వాడు అరువుకి కళ్లెం కూడా ఇవ్వడు."

ఆమె వరండాలోకి వెళ్లి ఫోన్ తీసింది.

మూడు సమాచారాలున్నాయి. పద్దెనిమిది వందలు రద్దు చేసి వెనక్కి తీసుకున్నట్టు మొదటిది, శుక్రవారానిది. పోకర్ సైటు నుంచి రోజూ ఏవేవో వస్తుంటాయి, చూడకుండా వదిలేసింది. రెండు వందలతో పెద్ద టోర్నీలో ప్రవేశించినట్టు రెండోది. మూడోది కూడా అదే. మరో రెండు వందలు.

ఆమె చిన్నగది తలుపు తోసింది.

కుబాత్ వెనక్కి తిరగలేదు. ఇస్త్రీ చొక్కా వీపు తడిసి అంటుకుపోయింది.

"మొదటిసారి తొందరగా పోయింది," అన్నాడు. "రెండోసారి నిలబడ్డాను."

"లే."

"లేచినా ఆట ఆగదు. నేను కూచున్నా కూచోకపోయినా ప్రతి చుట్టుకీ నా పందెం చిప్స్ కోసేస్తూనే ఉంటారు. లేస్తే ఆ నాలుగు వందలూ కరిగిపోతాయి, అంతే."

ఆమెకి తెలుసు అది నిజమని. అందుకే కోపం ఇంకా ఎక్కువైంది.

"ఎంతమంది మిగిలారు?"

"పదకొండు వందల మందితో మొదలైంది. ఎనభై నాలుగు. ఇప్పుడు పోయినా పెట్టింది వస్తుంది."

"గుర్రం రావాలంటే?"

"చివరి బల్ల దాకా వెళ్లాలి. తొమ్మిది మందిలో ఉండాలి."

"అయినా చేతికొచ్చేసరికి బుధవారమవుతుంది."

"గుర్రం వాడికి అంకె చూపిస్తే ఆగుతాడు."

"మీ అన్నకి చూపించినట్టా?"

కుబాత్ మౌస్ నొక్కాడు. ఎదుటివాళ్లు వదిలేశారు కాబోలు, చిప్స్ అతని వైపు జరిగాయి. భుజాలు ఒక్క వేలెడు దిగాయి.

"ముట్టుకోనన్నావు," అంది సాల్కిన్.

"అన్నాను."

చెప్పడానికి ఉన్నదంతా తెర మీదే ఉంది. ఆమెకి అరవాలని ఉంది. గోడ అవతల అత్తగారు నవ్వుతున్న శబ్దం వినిపిస్తోంది. ఆవిడ అలా నవ్వి చాలా కాలమైంది.

సాల్కిన్ నీళ్ల గ్లాసు తెచ్చి అతని చేతికి అందేలా పెట్టింది. బయటికి వచ్చి తలుపు గట్టిగా మూసింది. ఇన్నాళ్లూ ఆ గదిలోకి నియమం తప్పి ఏదీ పోకుండా కాపలా కాసింది. ఇప్పుడు నియమం తప్పినవాడికే కాపలా కాయాల్సి వచ్చింది.

"మీ ఆయన ఏడమ్మా?" అన్నాడు ఇమానాలి, ఆమె కూచోగానే. "నన్ను గుర్రం ఎక్కించే మనిషి మొహం చూద్దామని ఇంత దూరం వచ్చాను."

జుమాబెక్ ఆమె వంక చూశాడు. బురుల్ కూడా చూసింది.

"గుర్రం బేరంలోనే ఉన్నారు అన్నయ్యగారూ," అంది సాల్కిన్.

"ఇంట్లో కూచునా?"

"ఆయన ఏ పనైనా ఇంట్లో కూచునే చేస్తారు."

ఇమానాలి తొడ చరిచి నవ్వాడు. "విన్నావా?" అని తమ్ముణ్ణి పొడిచాడు. "మనం మంచు కనుమలన్నీ దాటి మూడు రోజులు తిరుగుతాం ఒక్క గుర్రానికి. ఈయన చెప్పులు కూడా వేసుకోడు."

జుమాబెక్ అందరికంటే గట్టిగా నవ్వాడు. డబ్బు పడిందనే అనుకున్నాడు.

అప్పుడు వీధిలో డెక్కల చప్పుడు వినిపించింది. మాటలు ఆగాయి. ఇమానాలి తల పక్కకి వంచి విన్నాడు, కిటికీ వైపు చూడనైనా చూడకుండా.

"జోరు నడక," అన్నాడు మెల్లగా. "ఒకే పక్క ముందు కాలూ వెనక కాలూ కలిసి పడుతున్నాయి. ఎడమ వెనక లాడం కొత్తది." కళ్లు మెరిశాయి. అప్పటిదాకా వేళాకోళమాడుతున్న మనిషి ఒక్కసారిగా కుదురుగా అయిపోయాడు. "జుమాబెక్, నువ్వు మాటవరసకి అన్నావేమో అనుకున్నాను. క్షమించు."

"మా ఇంట్లో మాటవరసలుండవు," అన్నాడు జుమాబెక్.

గేటు దగ్గర గుర్రం ఆగింది. ఎవరో గొళ్లెం తట్టారు.

"ఒక్క గిన్నె తాగి వెళ్లి చూద్దాం," అన్నాడు ఇమానాలి. ఖాళీ గిన్నె సాల్కిన్ వైపు చాచాడు.

ఆమె అందుకుంది. పాలు పోసింది. డికాషన్ పోసింది. సమోవార్ కుళాయి తిప్పింది. చెవులు మాత్రం గోడ అవతలే ఉన్నాయి. మౌస్ చప్పుడు వినిపిస్తూనే ఉంది. టిక్, టిక్. కాసేపు ఆగి మళ్లీ టిక్. ఆ చప్పుడు ఆమెకి కొట్టిన పిండి. ముక్కలు పారేసేటప్పుడు ఒకటే, తొందరగా. పందెం కాసేటప్పుడు ముందు నాలుగైదు చిన్నవి, తర్వాత ఒకటి. ఇప్పుడు చిన్నవి వరసగా వినిపించాయి. చాలా వినిపించాయి. ఉన్నదంతా ముందుకి తోస్తున్నాడు. ఆఖరున ఒకటి, గట్టిగా.

తర్వాత ఏమీ వినిపించలేదు.

ఆమె విన్నది. ఇంకా విన్నది. ఓడితే ఈపాటికి కుర్చీ కదలాలి, గెలిస్తే మళ్లీ చప్పుడు మొదలవ్వాలి. ఏదీ లేదు.

"సాల్కిన్," అంది బురుల్.

వేలికి వేడి తగిలి ఆమె కుళాయి కట్టేసింది. గిన్నె అంచు దాకా నిండి ఉంది. అంచు దాటి ఒక చుక్క జారి దస్తర్‌ఖాన్ మీద పడింది. ఏం చేస్తోందో తెలిసేలోపే ఆమె చెయ్యి అలవాటు కొద్దీ ఆ గిన్నెని ఇమానాలి ముందు పెట్టేసింది.

తమ్ముళ్లిద్దరూ గిన్నెని చూశారు, ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. జుమాబెక్ మొహంలో నవ్వు ఉన్నచోటే గడ్డకట్టింది. బయట గొళ్లెం మళ్లీ చప్పుడైంది.

ఇమానాలి నిండు గిన్నె వంక చూశాడు. తర్వాత పక్కనున్న టోపీ కోసం చెయ్యి చాచాడు.